పిల్లల నిద్రకు మెలటోనిన్: ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నదే ముఖ్యం

ఒకే మెలటోనిన్ మాత్రను వరసగా కొన్నాళ్లు సాయంత్రం పూట వేసుకుంటే నిద్ర వేళ త్వరపడుతుంది. అదే మాత్రను పొద్దున లేవగానే వేసుకుంటే నిద్ర మరింత ఆలస్యమవుతుంది. మామూలు నిద్రమాత్రలు ఇలా ప్రవర్తించవు. ఎప్పుడు మింగినా మత్తు తెప్పించడమే వాటి పని. మెలటోనిన్‌కు కాస్త మగత తెప్పించే గుణం ఉన్నా, అసలు అది చీకటి పడిందని ఒళ్లంతటికీ కబురు చేసే హార్మోను. పిల్లలకు వాడేటప్పుడు జరిగే పొరపాట్లు చాలావరకు ఈ తేడా తెలియక జరిగేవే. పని చేయలేదని డోసు పెంచుతూ పోతారు, వేళను మాత్రం ఎవరూ ముట్టుకోరు.

మెలటోనిన్‌ను తయారుచేసేది మెదడు లోపలుండే పినియల్ గ్రంథి. తిండిలోంచి వచ్చే ట్రిప్టోఫాన్ మొదట సెరొటోనిన్‌గా మారుతుంది, రాత్రిళ్లు ఆ సెరొటోనిన్ మెలటోనిన్ అవుతుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో గ్రంథికి చెప్పేది హైపోథాలమస్‌లో ఉండే ఒక చిన్న కణాల గుంపు. దాని పేరు సుప్రాకయాస్మాటిక్ కేంద్రకం, జీవగడియారం అంటే అదే. బయట వెలుతురు ఉందా లేదా అన్న సమాచారం కంటి రెటీనాలోని కొన్ని ప్రత్యేక కణాల ద్వారా దానికి చేరుతుంది. ఈ కణాలు 480 నానోమీటర్ల దగ్గరుండే నీలి కాంతికి బాగా స్పందిస్తాయి. అందుకే తెల్లటి ఎల్ఈడీ బల్బు ముందు కూర్చున్న పిల్లవాడి మెదడుకు ఇంకా పొద్దు గుంకనట్టే లెక్క. ఈ హార్మోనును 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఏరన్ లెర్నర్ పశువుల పినియల్ గ్రంథుల నుంచి వేరుచేశాడు. ఆయన చర్మవ్యాధుల నిపుణుడు. ఆయన వెతికింది చర్మం రంగును మార్చే పదార్థం కోసం, నిద్ర సంగతి ఆయన లెక్కలోనే లేదు.

పుట్టిన బిడ్డకు ఈ లయ ఉండదు. సుమారు మూడు నెలల వయసులో మెలటోనిన్ రాత్రి పెరిగి పగలు తగ్గడం మొదలవుతుంది. రాత్రి పూట తల్లిపాలలో మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో దాదాపు ఉండదు. పసిబిడ్డ రాత్రిళ్లు లేవడాన్ని నిద్రలేమి అనుకుని మెలటోనిన్ చుక్కలు వేయడానికి ఎలాంటి ఆధారమూ లేదు. మూడేళ్ల లోపు పిల్లలకు నిపుణుడి పర్యవేక్షణ లేకుండా ఇవ్వనే కూడదు.

పడుకోబెట్టే వేళ, నిద్ర వచ్చే వేళ

సాయంత్రం వెలుతురు తగ్గాక రక్తంలో మెలటోనిన్ ఒక దశలో పెరగడం మొదలవుతుంది. పెద్దవాళ్లలో ఇది మామూలుగా నిద్రపోయే సమయానికి రెండు గంటల ముందు జరుగుతుంది, చిన్నపిల్లల్లో ఈ వ్యవధి ఇంకా తక్కువ. కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో రెండున్నర, మూడేళ్ల పిల్లల లాలాజలాన్ని అరగంటకోసారి తీసి కొలిచారు. సగటున రాత్రి 7 గంటల 40 నిమిషాలకు మెలటోనిన్ పెరగడం మొదలైంది. అది మొదలైన అరగంటకు పడుకోబెట్టిన పిల్లలు మరో అరగంటలో నిద్రపోయారు. పెరుగుదల మొదలవకముందే మంచమెక్కించిన పిల్లలకు మాత్రం 40 నుంచి 60 నిమిషాలు పట్టింది, పేచీలూ ఎక్కువయ్యాయి.

దీనికి కారణం ఉంది. నిద్ర ముంచుకొచ్చే ముందు గంటా రెండు గంటలు మెదడు రోజు మొత్తంలోనే బాగా చురుగ్గా ఉంటుంది. పగలంతా పేరుకున్న అలసటను ఎదుర్కొని మనిషిని మేలుకొలిపి ఉంచడానికి జీవగడియారం చేసే ఏర్పాటు అది. ఆ సమయంలో పిల్లను చీకటి గదిలో పడుకోబెడితే మంచినీళ్లు అడుగుతుంది, బాత్రూమంటుంది, రేపటి స్కూలు సంగతులు తీస్తుంది. చూసేవాళ్లకు మొండితనంలా కనిపిస్తుంది గానీ, పిల్ల నిజంగానే నిద్రపోలేని స్థితిలో ఉంటుంది.

కాబట్టి సీసా మూత తీయడానికి ముందు రెండు వారాలు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోవాలి: లైటు తీసిన సమయం, నిద్ర పట్టిన సమయం, తనంతట తాను లేచిన సమయం. సెలవు రోజులవి విడిగా రాయాలి, అసలు గుట్టు అక్కడే బయటపడుతుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడిని 8.30కి పడుకోబెడితే 10 దాకా నిద్ర పట్టడం లేదనుకుందాం. సెలవుల్లో 10కి పడుకుని పది నిమిషాల్లో నిద్రపోయి, పొద్దున ఎనిమిదింటికి లేస్తున్నాడంటే గడియారం వెనకబడి ఉన్నట్టు. ఇక్కడ మెలటోనిన్‌కు చేయగల పని ఉంది. అదే పిల్లవాడు అమ్మ పక్కన పడుకున్న రోజున 8.45కే నిద్రపోయి, ఒంటరిగా పడుకున్న రోజునే పది దాటిస్తున్నాడంటే గడియారం సరిగ్గానే ఉంది, సమస్య అలవాటుది. దానికి ఏ మోతాదు మెలటోనిన్ ఇచ్చినా ఫలితం అంతంతమాత్రమే.

ఎంత నిద్ర కావాలన్న లెక్క కూడా చూసుకోవాలి. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పిన ప్రకారం మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12, టీనేజి పిల్లలకు 8 నుంచి 10 గంటలు కావాలి. మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని లేచిన నాలుగేళ్ల పిల్లకు రాత్రి మరో పదిన్నర గంటల నిద్ర రావాలని పట్టుబడితే అది రాకపోవచ్చు. ఇందులో హార్మోను తప్పేమీ లేదు.

వెలుతురు, నిద్ర వేళ: మందు కంటే ముందు

చిన్నపిల్లల కళ్లు వెలుతురుకు పెద్దవాళ్ల కళ్ల కంటే ఎంత సున్నితమో చాలామందికి తెలియదు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలపై 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో నిద్రకు ముందు గంటసేపు 5 నుంచి 40 లక్స్ వెలుతురు చూపిస్తే మెలటోనిన్ సగటున 78 శాతం పడిపోయింది. 40 లక్స్ అంటే పెద్దవాళ్లు మసకగా ఉందనుకునే గది. లైటు తీసేశాక 50 నిమిషాలైనా చాలామంది పిల్లల్లో స్థాయి తిరిగి కోలుకోలేదు. పడుకునే ముందు బాత్రూములో పెద్ద లైటు వేసి పళ్లు తోమించడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

పడుకునే గంట ముందు నుంచి ఇంట్లో పైకప్పు లైట్లు ఆపేసి, నేలకు దగ్గరగా పసుపు రంగు చిన్న దీపం ఒకటి ఉంచడం, పొద్దున లేచిన అరగంట లోపు ఆరుబయట వెలుతురులోకి పంపడం, ఈ రెండిటితోనే కొందరిలో నిద్ర వేళ ముందుకొస్తుంది. రాత్రి చీకటి ఎంత అవసరమో పొద్దుటి వెలుతురూ అంతే అవసరం. మాత్ర వేసి, చేతిలో ఫోను పెడితే మాత్రలోని మెలటోనిన్ ఏమీ ఆగిపోదు. కానీ గడియారానికి మాత్ర రాత్రి అని చెబుతుంటే కళ్లు పగలని చెబుతుంటాయి.

రెండో పద్ధతి నిద్ర వేళను తాత్కాలికంగా వెనక్కి జరపడం. చదవగానే తలకిందులుగా అనిపిస్తుంది. పైన చెప్పిన ఎనిమిదేళ్ల పిల్లవాడిని 8.30కి కాకుండా 10కే పడుకోబెట్టాలి. లేపే సమయం మాత్రం రోజూ ఒకటే, సెలవైనా మారకూడదు. మూడు నాలుగు రాత్రులు వరసగా పావుగంటలోపు నిద్రపోతే 9.45కి జరపాలి, మళ్లీ అలాగే కుదిరాక 9.30కి. నిద్ర పట్టడం 30 నిమిషాలు దాటితే అంతకు ముందు సమయానికి తిరిగి వెళ్లాలి. మంచం అంటే దొర్లే చోటు అన్న అలవాటు పోయి, మంచమెక్కితే నిద్ర అన్న అలవాటు వస్తుంది. ఇది చెడేది ఎక్కువగా శని, ఆదివారాల్లో. రెండు రోజులు పొద్దెక్కేదాకా పడుకోనిస్తే వారం కష్టం సోమవారానికి మళ్లీ మొదటికొస్తుంది.

వీటికి ముందే తేల్చుకోవాల్సినవి మరికొన్ని. గట్టిగా గురకపెట్టే, నోటితో గాలి పీల్చే పిల్లకు టాన్సిల్స్ లేదా అడినాయిడ్లు అడ్డుపడుతున్నాయేమో చూపించాలి. కాళ్లు జివ్వుమంటున్నాయని, ఆడించకుండా ఉండలేకపోతున్నానని చెప్పే పిల్లకు ఫెర్రిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే రక్తపరీక్ష చేయించాలి. మామూలు రక్తహీనత లేకపోయినా, ఫెర్రిటిన్ మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల కంటే తక్కువుంటే నిద్ర వైద్యులు ఐరన్ ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. రాత్రిళ్లు దురద, ఆస్తమా దగ్గు, భయాలు, ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ఉండే సమస్య) సాయంత్రం వేళ వేసే మందు, కోలా, చాక్లెట్, వీటిలో ఏదున్నా మెలటోనిన్ దాన్ని కప్పిపెడుతుందే తప్ప నయం చేయదు.

ఎవరికి పనిచేస్తుంది

ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో, గడియారం బాగా వెనకబడిన టీనేజి వాళ్లలో మెలటోనిన్ ఫలితానికి గట్టి ఆధారాలున్నాయి. బ్రిటన్‌లో నాడీ ఎదుగుదల సమస్యలున్న 146 మంది పిల్లలతో చేసి 2012లో ప్రచురించిన పరీక్షలో నిద్ర పట్టే సమయం సుమారు 38 నిమిషాలు తగ్గింది. మొత్తం నిద్ర పెరిగింది మాత్రం 22 నిమిషాలే, ఎందుకంటే పిల్లలు పొద్దున కూడా ముందే లేచారు. మెలటోనిన్ నుంచి ఏం ఆశించవచ్చో ఈ రెండు అంకెలు చెబుతాయి. అది నిద్ర మొదలయ్యే వేళను ముందుకు తెస్తుంది, నిద్రను పొడిగించడం దానికి అంతగా చేతకాదు. అర్ధరాత్రి లేచి కూర్చునే పిల్లకు మామూలు మాత్ర ఉపయోగపడేది తక్కువ. యూరప్‌లో 2018లో ఆటిజం, స్మిత్ మెజెనిస్ సిండ్రోమ్ అనే అరుదైన జన్యు సమస్య ఉన్న పిల్లల కోసం నెమ్మదిగా విడుదలయ్యే చిన్న మాత్రలకు అనుమతినిచ్చింది అందుకే. వీటిని నమలకూడదు, నూరకూడదు. నూరితే గంటల తరబడి విడుదల కావాల్సిందంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్లిపోతుంది. మింగలేని పిల్లకు పెరుగులోనో ఐస్‌క్రీములోనో మాత్రను అలాగే వేసి తినిపించవచ్చు.

ఏ సమస్యా లేని, ఎదుగుదల మామూలుగా ఉన్న పిల్లల మీద జరిగిన అధ్యయనాలు చాలా తక్కువ. అమెరికాలో 2023లో వచ్చిన సర్వేలో ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 18.5 శాతం మంది గత నెల రోజుల్లో మెలటోనిన్ వాడారు. వాడకం ఇంతగా పెరిగినా దానికి తగ్గ పరిశోధన ఇంకా జరగలేదు.

డోసు, వేళ

డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టాల్సింది 0.5 మిల్లీగ్రాముతో, మహా అయితే 1 మిల్లీగ్రాముతో. చాలామంది పిల్లలకు ఇది సరిపోతుంది. వారం చూసి, ఫలితం లేకపోతే అర నుంచి ఒక మిల్లీగ్రాము పెంచుతారు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు సైతం 3 నుంచి 6 మిల్లీగ్రాములు దాటాల్సిన అవసరం అరుదు. 3 మిల్లీగ్రాములకు ఫలితం కనిపించకపోతే ఇంకా పెంచే ముందు వేళ సరైనదేనా, కారణం సరిగ్గా పట్టుకున్నామా అని చూడడం మంచిది.

ఇచ్చే వేళకు రెండు పద్ధతులున్నాయి. మగత కోసం అయితే పడుకునే 30 నుంచి 60 నిమిషాల ముందు. గడియారాన్నే జరపాలంటే ఇంకా చాలా ముందు, సహజ మెలటోనిన్ పెరగడానికి మూడు నుంచి ఐదు గంటల ముందు, అదీ చిన్న డోసులో. రాత్రి ఒంటి గంటకు గానీ నిద్రపోని పదిహేనేళ్ల కుర్రాడికి పన్నెండింటికి 5 మిల్లీగ్రాములు ఇవ్వడం కంటే రాత్రి ఏడింటికి 0.5 మిల్లీగ్రాము ఇవ్వడం మేలు. ఆ రాత్రే ఫలితం కనిపించదు. ఒకటి రెండు వారాల్లో నిద్ర కొంచెం కొంచెంగా ముందుకొస్తుంది, అదీ పొద్దున ఒకే వేళకు లేచి వెలుతురులోకి వెళితేనే.

ఎక్కువ డోసు ఎందుకు బెడిసికొడుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. మెలటోనిన్ ఒంట్లో 40 నుంచి 60 నిమిషాలకోసారి సగమవుతుంది. గంటకోసారి సగం అనుకుంటే 10 మిల్లీగ్రాములు వేసుకున్న ఐదు గంటలకు మిగిలేది, 0.3 మిల్లీగ్రాము వేసుకున్నవాళ్లకు మొదట్లో ఉన్నంత. ఆ 0.3 మిల్లీగ్రామే రక్తంలో సహజంగా రాత్రి ఉండే స్థాయిని తేగలదు. తొమ్మిదికి వేసిన పెద్ద డోసు ఇలా తెల్లవారుజాము దాకా రాత్రి అనే సంకేతాన్ని సాగదీస్తుంది. పొద్దున తల బరువు, చిరాకు, లేవలేకపోవడం దాని ఫలితాలే.

కొందరి కాలేయంలో దీన్ని విడగొట్టే సీవైపీ1ఏ2 అనే ఎంజైము మెల్లగా పనిచేస్తుంది. అలాంటి పిల్లల్లో మొదటి కొన్ని వారాలు చక్కగా పనిచేసి, తర్వాత ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తుంది. రోజురోజుకూ మిగిలినది పేరుకుని పగలు కూడా స్థాయి తగ్గకపోవడంతో రాత్రికీ పగటికీ తేడా చెరిగిపోతుంది. తల్లిదండ్రులు అలవాటుపడిపోయిందనుకుని డోసు పెంచుతారు, పరిస్థితి ఇంకా చెడుతుంది. డచ్ వైద్యులు ఇలాంటి పిల్లలకు దాదాపు మూడు వారాలు పూర్తిగా ఆపి, బాగా తగ్గించిన డోసుతో తిరిగి మొదలుపెట్టి మళ్లీ ఫలితం సాధించారు. ఫ్లూవాక్సమిన్ అనే మందు ఈ ఎంజైమునే గట్టిగా అడ్డుకుంటుంది, అది వాడే పిల్లకు మెలటోనిన్ ఇవ్వకూడదు. మూర్ఛ మందులు, రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతున్నా, రోగనిరోధక వ్యవస్థ జబ్బులున్నా డాక్టరుకు ముందే చెప్పాలి.

సీసా మీద రాసింది, సీసాలో ఉన్నది

అమెరికాలో మెలటోనిన్ 1994 నాటి చట్టం కింద ఆహార అనుబంధం. అమ్మే ముందు మందులా పరీక్షకు నిలబడనక్కర్లేదు. బ్రిటన్‌లో డాక్టరు చీటీ కావాలి. ఈ తేడా ఊరికే రాలేదు. కెనడాలో 31 ఉత్పత్తులను పరీక్షించి 2017లో ప్రచురించిన ఫలితాల్లో, లేబుల్ మీద ఉన్నదానికంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ దాకా మెలటోనిన్ కనిపించింది. ఎనిమిదింటిలో సెరొటోనిన్ కూడా ఉంది. అమెరికాలో 2023లో 25 రకాల గమ్మీలను పరీక్షిస్తే 22 లేబుళ్లు తప్పని తేలింది. ఒకదానిలో మెలటోనిన్ అసలే లేదు. ఉన్నవాటిలో లేబుల్‌తో పోలిస్తే 74 నుంచి 347 శాతం దాకా ఉంది.

అంటే 2.5 మిల్లీగ్రాముల గమ్మీలో నిజానికి 8.7 మిల్లీగ్రాములుండే అవకాశం ఉందన్నమాట. లేబుల్ చదివేటప్పుడు "ఒక సర్వింగ్‌కు 5 మి.గ్రా." అని ఉంటే ఒక సర్వింగ్ అంటే ఎన్ని గమ్మీలో కింద వెతకాలి, చాలాసార్లు రెండు ఉంటాయి. మైక్రోగ్రాముల్లో రాసి ఉంటే 500 మైక్రోగ్రాములు అర మిల్లీగ్రాము. సిరప్ ఒక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటే అర మిల్లీగ్రాముకు అర మిల్లీలీటరు, దాన్ని సూది లేని సిరంజితోనే కొలవాలి. 5 మిల్లీలీటర్ల చెంచాతో పోస్తే పదింతలవుతుంది. చీటీ మీద దొరికే మందు రకమో, యూఎస్‌పీ (అమెరికాలో మందుల నాణ్యతా ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) పరీక్ష ముద్ర ఉన్నదో తీసుకోవాలి. గమ్మీలు వద్దని చెప్పడానికి లేబుల్ గొడవ ఒక్కటే కారణం కాదు, పిల్లలు వాటిని మిఠాయిలే అనుకుంటారు. అమెరికాలో విష సమాచార కేంద్రాలకు పిల్లలు మెలటోనిన్ మింగారని వచ్చిన కాల్స్ 2012లో 8,337 ఉంటే 2021లో 52,563 అయ్యాయి. చాలామందిలో ఏ లక్షణమూ కనిపించలేదు గానీ ఐదుగురు పిల్లలకు వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది, ఇద్దరు చనిపోయారు. కాబట్టి సీసాను తాళం వేసిన అరలో పెట్టాలి. పిల్ల చాలా మింగిందని తెలిస్తే బలవంతంగా వాంతి చేయించకుండా సీసా చేతిలో పట్టుకుని డాక్టరుకు ఫోను చేయాలి. లేపినా లేవకపోయినా, శ్వాసలో తేడా ఉన్నా నేరుగా అత్యవసర విభాగానికే తీసుకెళ్లాలి.

మామూలు డోసులో కనిపించే ఇబ్బందులు తలనొప్పి, వికారం, పగటి మగత, వింత కలలు, కొందరిలో పక్క తడపడం. సాధారణంగా డోసు తగ్గిస్తే పోతాయి. యుక్తవయసు మార్పుల మీద ప్రభావం గురించిన భయానికి మూలం, రుతువులను బట్టి సంతానోత్పత్తి చేసే జంతువుల్లో మెలటోనిన్ పోషించే పాత్ర. ఆటిజం ఉన్న పిల్లలను రెండేళ్లు గమనించినప్పుడు ఎదుగుదలలో, యుక్తవయసు లక్షణాల్లో తేడా కనిపించలేదు. అంతకంటే ఎక్కువ కాలం, పెద్ద సంఖ్యలో పిల్లలను గమనించిన సమాచారం లేనందువల్లే వైద్యులు అవసరమైనన్ని నాళ్లే వాడమంటారు.

ఆపడానికి కష్టపడక్కర్లేదు, దీనికి వ్యసనం ఉండదు. నిద్ర వేళ కుదురుకున్న రెండు మూడు నెలలకు, పరీక్షలూ ప్రయాణాలూ లేని వారం చూసి డోసును సగం చేసి, మరో వారానికి ఆపేయాలి. ఆ పది పదిహేను రోజులూ మళ్లీ అదే కాగితం తీసి మూడు సమయాలూ రాయాలి. నిద్ర పట్టడానికి ఇంకో పావుగంట ఎక్కువ పడితే వదిలేయవచ్చు. మళ్లీ గంట దాటుతుంటే పాత డోసుకు కాకుండా, పనిచేసిన వాటిలో అన్నిటికంటే చిన్న డోసుకు వెళ్లాలి. ఆ కాగితాన్ని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.